రేవు లేని రోజు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సింగపూర్ నుంచి బయలుదేరే విహార నౌకలు ఏయే రేవుల్లో ఆగుతాయో, అక్కడ దిగి ఏమి చూడవచ్చో గత సంచికలో క్లుప్తంగా రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రేవుల గురించి కాక, ఓడ ఏ ఊరూ చేరకుండా పొద్దస్తమానం నీటి మీదే సాగే ఆ ఒక్క రోజు గురించే ఉన్నాయి. ఇరవై రెండేళ్లు ఓడల ఇంజన్ గదుల్లో పని చేసి ఒడ్డుకు చేరినవాడిని కనుక, ఈ నెల శీర్షికను ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నాకు అరవై ఆరేళ్లు, మావారికి డెబ్బై. మా ఇద్దరికీ నాలుగు రాత్రుల ఓడ ప్రయాణానికి టిక్కెట్లు కొన్నాడు. రెండో రోజు పినాంగ్, మూడో రోజు ఫుకెట్ అని ఉంది కానీ, నాలుగో రోజు దగ్గర ఊరి పేరు లేదు. ‘సముద్రంలో’ అని మాత్రమే రాసి ఉంది. ఇంత డబ్బు పోసి రోజంతా నీళ్లు చూస్తూ కూర్చోవడం ఏమిటని మావారు గొణుగుతున్నారు. అసలు అలాంటి రోజు ఎందుకు పెడతారు? ఆ రోజు మేము ఏమి చేయాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఆ రోజును ఎవరూ పనిగట్టుకుని పెట్టలేదు, దూరమే దాన్ని పెట్టింది. ఫుకెట్ నుంచి సింగపూర్‌కు సముద్రం మీద అయిదు వందల నాటికల్ మైళ్లకు పైగా ఉంటుంది. ఒక నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు పోయే వేగాన్ని ఒక నాట్ అంటారు. మీ ఓడ పదిహేను నాట్ల మీద నడుస్తుందనుకుంటే అది గంటకు 28 కిలోమీటర్లు, అంటే మన వీధుల్లో మోపెడ్ మీద పాలు పోసేవారి వేగమే. మూడో రోజు రాత్రి ఫుకెట్ విడిచిన ఓడ అయిదో రోజున సింగపూర్ చేరాలంటే మధ్యలో ఒక పూర్తి పగలు నీటి మీద గడవక తప్పదు. ఇంకా గట్టిగా నడిపించవచ్చు గదా అని మీవారు అడగవచ్చు. నడిపించవచ్చు, కానీ వేగం కొద్దిగా పెంచితే ఇంధనం ఖర్చు దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక ఏ యజమానీ ఆ పని చేయడు.

ఇక మీరు చూసేది ‘ఉత్త నీళ్లు’ కూడా కాదు. ఆ రోజంతా మీరు మలక్కా జలసంధిలో ఉంటారు. ఒక పక్క మలేసియా, ఒక పక్క సుమత్రా. మధ్యలో ప్రపంచంలోనే అత్యంత రద్దీగా ఉండే ఓడల దారుల్లో ఒకటి. ఓడ ఆగ్నేయ దిశగా సాగుతుంది కనుక మలేసియా మీకు ఎడమన, సుమత్రా కుడిన ఉంటాయి. జలసంధి ఇరుకైన చోట్ల రోడ్డు మీద లాగానే రాకకూ పోకకూ వేర్వేరు దారులు గీసి ఉంటాయి, ఎవరి కుడివైపున వారు నడవాలి. అందువల్ల ఎదురుగా వచ్చే చమురు ఓడలూ, పెట్టెలు పేర్చుకున్న సరుకు ఓడలూ మీ ఎడమ పక్కనుంచి వరుసగా సాగిపోతుంటాయి. ప్రతి ఓడకూ ఎడమన ఎర్ర దీపం, కుడిన ఆకుపచ్చ దీపం ఉండాలన్నది సముద్రపు కట్టుబాటు. చీకటి పడ్డాక ఎడమ వైపు కటకటాల దగ్గర నిలబడితే ఎర్ర దీపాలు ఒకదాని వెనుక ఒకటి మిమ్మల్ని దాటిపోవడం కనిపిస్తుంది. మీవారికి లెక్కలంటే ఇష్టమైతే గంటకు ఎన్ని దాటాయో రాసుకోమనండి. నేను ఈ పని చేస్తూ రెండు పూటల భోజనం మరచిపోయిన రోజులున్నాయి.

ఆ జలం మనకు మరీ పరాయిదీ కాదు. 1025లో రాజేంద్ర చోళుడి నౌకాదళం సుమత్రా కేంద్రంగా ఏలిన శ్రీవిజయ రాజ్యం మీదికి దండెత్తి గెలిచిన తావుల్లో కడారం ఒకటి. అది పినాంగ్‌ను ఆనుకుని ఉన్న నేటి కెడా ప్రాంతం. ఆ రాజేంద్రుడి కుమార్తె అమ్మంగదేవిని పెళ్లాడినవాడు మన రాజమహేంద్రవరపు రాజరాజ నరేంద్రుడు. నన్నయ చేత భారతం తెనిగింపజేసిన ప్రభువుకు పిల్లనిచ్చిన మామగారి ఓడలు తిరిగిన నీళ్ల మీదే మీరు కాఫీ తాగుతారన్న మాట.

ఏమి చేయాలన్న ప్రశ్నకు వస్తాను. ముందు రోజు రాత్రే కేబిన్‌లో ఒక కార్యక్రమాల కాగితం పెడతారు, లేదా ఫోన్‌లోని యాప్‌లో చూపిస్తారు. అందులో పొద్దున్న వ్యాయామం మొదలుకొని అర్ధరాత్రి పాటల దాకా గంట గంటకూ ఏదో ఒకటి ఉంటుంది. మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఏమిటంటే, డబ్బు కట్టాము కనుక అన్నీ చూడాలని, పెళ్లింట్లో పెత్తనం నెత్తిన వేసుకున్నవారిలా పై డెక్కు నుంచి కింది డెక్కుకూ కింది డెక్కు నుంచి పై డెక్కుకూ తిరిగి, సాయంత్రానికి కాళ్లు పీకి పడుకోవడం. ఆ కాగితంలో రెండింటికి మాత్రమే గుర్తు పెట్టుకోండి. ఒకటి రాత్రి థియేటర్‌లో జరిగే ప్రదర్శన, రెండోది మీకు నచ్చినది ఏదైనా సరే. మిగతా కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టేయండి.

సింగపూర్ కాలం మన కాలం కంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది, అక్కడ తెల్లవారేది దాదాపు ఏడు గంటలకు. మీకు ఇంట్లో అయిదింటికి లేచే అలవాటు ఉంటే ఓడ గడియారంలో అప్పటికి ఏడున్నర దాటుతుంది, కనుక సూర్యోదయం కావాలంటే అలారం పెట్టుకోవాలి. ఫలహారానికి తొమ్మిదింటి తరవాత వెళితే పళ్లెం పట్టుకుని తిరునాళ్లలో నిలబడ్డట్టు ఉంటుంది, ఏడున్నరకల్లా వెళ్లండి. ఆ తరవాత డెక్కు మీద నీడ ఎక్కడ దొరుకుతుందన్నది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఓడ ఆగ్నేయంగా పోతుంది కనుక ఉదయం ఎండ ఎడమ పక్కన పడుతుంది, కుడి పక్కన నీడ ఉంటుంది. మధ్యాహ్నం దాటాక ఇది తారుమారవుతుంది. కాబట్టి పొద్దున్న కుడివైపున కుర్చీ వేసుకోండి, సాయంత్రం ఎడమవైపుకు మారండి. ఈతకొలను చుట్టూ ఉన్న కుర్చీల మీద తువ్వాళ్లు పరిచి మనుషులు మాయమైపోతారు; వాటి కోసం తగాదా పడనక్కరలేదు, అక్కడ పాటల మోత తప్ప ఏమీ లేదు. ఓడ పక్కన వేలాడే ప్రాణరక్షక పడవల కింద, పక్క నడవాలో ఉండే కుర్చీల వంక ఎవరూ చూడరు. నేను ప్రయాణికుడిగా ఎక్కిన రెండు సార్లూ అక్కడే గడిపాను.

చాలా ఓడల్లో మధ్యాహ్నం పన్నెండింటికి కెప్టెన్ మైకులో ఓడ ఉన్న అక్షాంశ రేఖాంశాలు, వేగం, గాలి చెబుతారు. వినండి. భోజనం తరవాత గంటసేపు కేబిన్‌లో పడుకోండి. ఇంజన్ల సన్నని అదురు పరుపు దాకా వస్తుంది. నాకది జోలపాట, మా ఆవిడకు మాత్రం పక్కింటి మిక్సీ. భూమధ్యరేఖకు అంత దగ్గరలో సంధ్య ఎక్కువసేపు నిలవదు. పొద్దు ఏడు గంటల ప్రాంతంలో గుంకిందంటే ఇరవై నిమిషాల్లో చీకటి కమ్ముతుంది, అందువల్ల తీరికగా వెళదామనుకుంటే అస్తమయం దక్కదు. ఆకాశం తేటగా ఉంటే ఉత్తర దిక్కున ధ్రువుడి కోసం వెతకండి. హైదరాబాద్‌లో 17 డిగ్రీల ఎత్తున కనిపించే ఆ చుక్క అక్కడ అయిదు డిగ్రీల లోపుకు దిగిపోయి, నీటి ఆవిరి పొరలో దాదాపు కలిసిపోయి ఉంటుంది.

మరొక్క మాట. మందులన్నీ చేతి సంచిలోనే ఉంచుకోండి, ఎందుకంటే మొదటి రోజు పెద్ద పెట్టెలు కేబిన్‌కు చేరేసరికి సాయంత్రం అవుతుంది. ఓడలో డాక్టర్ ఉంటారు కానీ రుసుము చాలా ఎక్కువ, కనుక ప్రయాణ బీమా లేకుండా ఎక్కవద్దు.

ప్రశ్న: నాకు శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద బస్సులోనే వాంతులు అవుతాయి. ఓడ ఊగితే ఏమవుతానో అని భయం. రేవులో ఆగే రోజుల్లో ఫరవాలేదు కానీ, రోజంతా సముద్రంలో ఉండాలంటే తట్టుకోగలనా?
— ఒక ఉపాధ్యాయిని, నంద్యాల

జవాబు: మీ కడుపులో తిప్పడానికి మూలం కడుపులో లేదు, చెవిలో ఉంది. లోపలి చెవి శరీరం కదులుతోందని చెబుతుంది; ఎదురుగా ఉన్న గోడను చూస్తున్న కన్ను ఏమీ కదలడం లేదని చెబుతుంది; ఈ రెండు సాక్ష్యాలూ కుదరక మెదడు తికమకపడుతుంది. అందుకే కిటికీ లేని గదిలో కూర్చుని ఫోన్ చూసేవారికి ముందుగా వికారం పుడుతుంది, డెక్కు మీద నిలబడి నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తున్నవారికి తగ్గుతుంది.

ఘాట్ రోడ్డుతో పోల్చి భయపడవద్దు. పెద్ద ఓడలకు నీటి కింద రెండు పక్కలా చేప రెక్కల్లాంటి కదిలే పలకలు ఉంటాయి. అల వచ్చినప్పుడు అవి వాలు మార్చుకుని ఓడ పక్కలకు ఒరగడాన్ని చాలావరకు అణచివేస్తాయి. ముందుకూ వెనక్కూ తలూపే ఊపును మాత్రం అవి ఆపలేవు. ఆ ఊపు ఓడ ముందు కొనలో, అంటే మన పల్లెకారులు అణియం అనే చోట, ఎక్కువగా తెలుస్తుంది. ఉయ్యాల బల్ల నడిమి భాగం కొసల కన్నా తక్కువ కదిలినట్టే ఓడలోనూ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో కదలిక తక్కువ. పై అంతస్తులో బాల్కనీ గది గొప్పగా ఉంటుంది, ధరా గొప్పగానే ఉంటుంది. కానీ మీలాంటివారు ఆ డబ్బు మిగుల్చుకుని నడిమి భాగంలో కింది గది తీసుకోవడం మేలు.

ఖాళీ కడుపుతో ఉండకండి, నిండా తినకండి. అల్లం ముక్క, నిమ్మకాయ, ఉప్పు బిస్కెట్లు దగ్గర పెట్టుకోండి. అవోమిన్ వంటి మాత్రలు వికారం మొదలయ్యాక కాకుండా ముందుగా వేసుకుంటేనే పని చేస్తాయి. వాటి వల్ల నిద్రమత్తు వస్తుంది. నీటికాసులు, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారికీ, వేరే మందులు వాడుతున్న పెద్దవారికీ అవి సరిపడకపోవచ్చు కనుక బయలుదేరే ముందే మీ డాక్టర్‌ను అడిగి తీరాలి.

మలక్కా జలసంధికి రెండు వైపులా నేల అడ్డు ఉంది కనుక అక్కడ నీరు సాధారణంగా చెరువులా ఉంటుంది. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా కొన్ని రోజుల్లో తెల్లవారుజామున సుమత్రా వైపు నుంచి ఉరుములతో గాలివాన విరుచుకుపడుతుంది. నావికులు దాన్ని కూడా ‘సుమత్రా’ అనే పిలుస్తారు. గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది. మీకు అసలు తిప్పలు ఇంటికి వచ్చాకే ఉండవచ్చు. ఓడ దిగిన ఒకటి రెండు రోజులు స్నానాల గదిలో కళ్లు మూసుకుంటే నేల ఊగినట్టు ఉంటుంది. దానికి కంగారు పడకండి.

ప్రశ్న: మా అత్తగారు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. రోజంతా ఓడలోనే ఉంటే బయట ఎక్కడా తినే వీలుండదు కనుక చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, బియ్యం, ఆవకాయ తీసుకువెళ్లవచ్చా?
— గృహిణి, తెనాలి

జవాబు: కుక్కర్ మాట మరచిపోండి తల్లీ. సముద్రం మీద నీటికన్నా నిప్పుకే ఎక్కువ భయపడతాము, ఎందుకంటే అక్కడికి అగ్నిమాపక శకటం రాదు. కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కాయిల్ ఏది కనిపించినా ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టి, దిగేటప్పుడు తిరిగి ఇస్తారు. ఇంట్లో వండిన పదార్థాలను చాలా ఓడల్లో అనుమతించరు. కంపెనీ సీలు ఉన్న పచ్చడి పొట్లాలకు సాధారణంగా అభ్యంతరం ఉండదు.

సింగపూర్ ఓడల్లో మన దేశపు ప్రయాణికులు బాగా ఎక్కుతారు కనుక భారతీయ శాకాహారం దొరుకుతుంది. అయితే అక్కడికి వెళ్లి అడుగుదామనుకోకుండా టిక్కెట్టు కొనేటప్పుడే ‘జైన భోజనం’ అని రాయించండి. ఉల్లి, వెల్లుల్లి లేని వంటకు వారికి తెలిసిన పేరు అదే. వడ్డన జరిగే భోజనశాలలో ముందు రోజు రాత్రి పెద్ద వెయిటర్‌తో మర్యాదగా చెప్పి ఉంచితే అన్నం, పెరుగు, ఉడికించిన కూరలు ఏర్పాటు చేస్తారు. ఎవరికి వారు వడ్డించుకునే చోట మాత్రం కూరగాయలు కనిపించాయి గదా అని గరిట వేయకండి. ఆకుకూర వేపుడులో రొయ్యల ముద్దో, ఆల్చిప్పల సాసో, చేపల సాసో ఉండవచ్చు, నూడుల్స్‌లో గుడ్డు ఉండవచ్చు. లోపలికి వెళ్లే ముందు చేతులు సబ్బుతో కడగండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్‌కు చేతికి రాసుకునే జెల్ కన్నా సబ్బు, నీళ్లే గట్టి విరుగుడు.

ప్రశ్న: మావారికి పేకాట బలహీనత. ఓడలో కాసినో ఉంటుందని విన్నాను. ఏమైనా ఉపాయం ఉందా?
— పేరు రాయవద్దన్న పాఠకురాలు, భీమవరం

జవాబు: ఉంటుంది. రేవులో ఉన్నంతసేపు మూసి ఉంచి, ఓడ సముద్రంలోకి వచ్చాక తెరుస్తారు, కాబట్టి రేవు లేని రోజు దానికి సంక్రాంతి లాంటిది. ఓడలో ఖర్చంతా కేబిన్ కార్డు మీదే నడుస్తుంది. చేతిలో నోటు కనిపించదు కనుక పోయిన సొమ్ము పోయినట్టు అనిపించదు. ఎక్కిన రోజే రిసెప్షన్‌కు వెళ్లి ఆయన కార్డు మీద ఖర్చుకు హద్దు పెట్టమని అడగండి. ఉపాయమంటే అదొక్కటే, బాగా ఆడితే టిక్కెట్టు డబ్బు వస్తుందని ఆయన చెప్పే లెక్కను మాత్రం నమ్మకండి. అన్నట్టు, సెల్ ఫోన్లు కూడా ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోండి. లేకపోతే ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు అవే తగులుకుని, కాసినో కన్నా నిశ్శబ్దంగా జేబు ఖాళీ చేస్తాయి.

ప్రశ్న: వేల మంది రోజంతా స్నానాలు చేస్తూ, తింటూ ఉంటారు గదా, అంత మంచినీరు ఎక్కడిది? వాడిన నీరు, చెత్త ఎక్కడికి పోతాయి?
— ఇంటర్ విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, నా పాత కొలువును గుర్తు చేశావు. మంచినీటిలో చాలా భాగం సముద్రం నుంచే తయారవుతుంది. ఇంజన్లను చల్లబరిచి వేడెక్కిన నీటిని ఒక మూసిన పాత్రలోని గొట్టాల గుండా పంపి, ఆ పాత్రలోంచి గాలిని తోడేస్తాము. ఒత్తిడి తగ్గినప్పుడు నీరు వంద డిగ్రీలకు చాలా ముందే మరుగుతుందని నీకు పాఠంలో ఉంటుంది. ఆ సూత్రం మీదే సముద్రపు నీరు ఆవిరై, తిరిగి చల్లబడి ఉప్పులేని నీరవుతుంది. ఇలా పారేయవలసిన వేడితోనే పని జరుగుతుంది. దీనితో పాటు, మన ఇళ్లలో నీటిని శుద్ధి చేసే యంత్రంలాంటిదే పెద్ద ఎత్తున పని చేసే ఏర్పాటు కూడా ఉంటుంది. ఓడ బాగా నడుస్తున్న రోజున ఇంజన్ల వేడి పుష్కలం కనుక రేవు లేని రోజు ట్యాంకులు నింపుకోవడానికి మంచి రోజు.

చెత్త సంగతి 1973లో కుదిరి 1978లో సవరించిన మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం తేలుస్తుంది. ప్లాస్టిక్‌ను ఏ సముద్రంలోనూ పారవేయకూడదు. శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపల వదలకూడదు. మెత్తగా నూరిన ఆహార వ్యర్థాలను మామూలు సముద్రాల్లో 3 నాటికల్ మైళ్లు దాటాక వదలవచ్చు. 2020 జనవరి 1 నుంచి ఇంధనంలో గంధకం 0.50 శాతానికి మించకూడదన్న నియమం కూడా వచ్చింది. నియమాలు ఇన్ని ఉన్నా, ఏసీలు, వంటశాలలు, ఈతకొలనులు అన్నిటినీ రాత్రింబవళ్లు నడిపే ఆ తేలే ఊరు తాగే ఇంధనం తక్కువేమీ కాదు. అక్కడ పని చేసినవాడిగా ఆ సంగతి దాచను.

ప్రశ్న: సింగపూర్ దాకా పోలేని మాలాంటి పింఛనుదారులు విశాఖ నుంచే ఇలాంటి రోజు ఒకటి గడపవచ్చా?
— విశ్రాంత ఉద్యోగి, అనకాపల్లి

జవాబు: అయ్యా, 1990లో కట్టిన ఎంప్రెస్ అనే ఓడను కార్డీలియా సంస్థ 2022 జూన్‌లో విశాఖకు తీసుకువచ్చింది. 2023 సెప్టెంబర్‌లో విశాఖ రేవులో విహార నౌకల కోసం ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైంది. అయితే ఈ ప్రయాణాలు ఏడాది పొడవునా ఉండవు, కనుక ఏ ఏటికి ఆ ఏడు ప్రకటన చూసుకోవాలి. మన తీరం నుంచి ఓడ ఎక్కడం కొత్త సంగతేమీ కాదు. కాకినాడ, విశాఖల నుంచి స్టీమర్లెక్కి ‘రంగం’, అంటే బర్మాలోని రంగూన్, పోయిన తాతల కథలు ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మన కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువారిని కొరంగీలు అన్నారు. డెక్కు మీద చాప పరుచుకుని, ఎండకూ వానకూ ఓర్చి వెళ్లిన వారికి రేవు లేని రోజు విశ్రాంతి కాదు, గండం.

విశాఖ నుంచి చెన్నైకి సముద్రం మీద దాదాపు 325 నాటికల్ మైళ్లు, పదిహేను నాట్ల వేగానికి ఇరవై రెండు గంటల దారి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపానుల కాలం, జూన్ నుంచి నైరుతి గాలుల కాలం. జనవరి నుంచి మార్చి దాకా బంగాళాఖాతం నెమ్మదిగా ఉంటుంది, ఆ నెలల్లో ప్రయాణం దొరికితే వదలకండి. వెళ్లేటప్పుడు తీరం మీ కుడిన ఉంటుంది, సూర్యాస్తమయమూ అటే. అయితే కోనసీమ కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ముప్పై మీటర్ల ఎత్తు డెక్కు మీద నిలబడినా దిగంతం ఇరవై కిలోమీటర్ల లోపే ఉంటుంది, గోదావరి డెల్టా పల్లపు నేల, ఓడ దారి దానికి ఇంకా దూరంగా ఉంటుంది. గోదావరి నోటికి ఎదుటి సముద్రంలో చమురు, సహజవాయువు తోడే వేదికలు ఉన్నాయి. ఓడ వాటికి చేరువగా సాగితే, రాత్రి పూట కుడి పక్క కటకటాల దగ్గరి నుంచి వాటి దీపాలు కనిపిస్తాయి.